గొంతు కోసం దించిన శ్రుతి

మొన్న ఆదివారం సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో మా అమ్మాయి ఇంటి పెరట్లో బార్బెక్యూ అయ్యాక, నెల్లూరు డాక్టరుగారు కరోకీ మైకు అందుకుని పాత పాట ఎత్తుకున్నారు. చరణంలో పైస్థాయి అందక ఆయన దగ్గుతో సర్దుకుంటూ ఉంటే, మా మనవరాలు ఫోను మీద రెండుసార్లు తట్టి పాట శ్రుతి దించేసి, "ఈజీ తాతా, జస్ట్ టూ స్టెప్స్ డౌన్!" అంది. డాక్టరుగారు హాయిగా పాడేశారు. ఒకప్పుడు సరిగ్గా ఆ పనే చేసి నేనెంత రభస తెచ్చిపెట్టానో ఆ పిల్లకేం తెలుసు!

సిడ్నీకి ఇంజనీరుగా వచ్చిన కొత్తల్లో, ఆఫీసులో నా పక్కబల్ల ఆయన ఒక రాక్ బ్యాండులో పాడేవాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల బాణీ, సదరన్ రాక్ అంటారు. వాళ్ళ కీబోర్డు మనిషి మానేశాడని తెలిసి, హార్మోనియం వచ్చు కదా అన్న ధీమాతో నేనున్నానన్నాను. తీరా కూర్చుంటే, తిత్తి ఆడించడం తప్ప ఎరగని నా ఎడమచేతికి పని నేర్పడానికే ఆరునెలలు పట్టింది.

నాకు హార్మోనియం నేర్పింది మా పెదనాన్న. పద్యనాటకాలకు వాయించేవాడు. నటుడి గొంతు ఎలా ఉందో మొదటి ఆలాపనలోనే పసిగట్టాలనీ, బొంగురుపోతే అడక్కుండానే శ్రుతి దించాలనీ, అది జనానికి తెలియనివ్వకూడదనీ ఆయన నాకు నూరిపోశాడు. నటుడి పరువు మన చేతుల్లో ఉంటుందిరా అనేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం, పెద్దవాళ్ళు పచ్చికమీద బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్బులో ప్రోగ్రాం. మా గాయకుడి, అదే ఆ పక్కబల్ల ఆయన గొంతు కొన్ని వారాలుగా పైన చీలుతోంది. కుర్ర గొంతు ఎవరినైనా చూసుకుందామని గిటారు వాయించే ఆయన అప్పటికే గొణుగుతున్నాడు. ఆరోజు రెండో పాటకే గొంతు జీరపోయింది. మూడో పాట మొదలుపెట్టాల్సింది నేనే కనుక, పెదనాన్న చెప్పినట్టు గుట్టుచప్పుడు కాకుండా రెండు మెట్లు దించి ఎత్తుకున్నాను. గాయకుడు ప్రాణం లేచొచ్చినట్టు అందుకున్నాడు. నాటకంలోనైతే నేను దిగితే పాటంతా దిగుతుంది. ఇక్కడ రెండు గిటార్లూ పాత శ్రుతిలోనే వచ్చి మీద పడ్డాయి. ఆ గోల నేను వర్ణించలేను. గిటారాయన వాయించడం ఆపి, మైకులోనే "మేట్, వాట్ కీ ఆర్ యూ ఇన్?" అని నేను ఏ శ్రుతిలో ఉన్నానో అడిగాడు. క్లబ్బంతా నవ్వింది. నేను దాచబోయిన సంగతి నేనే బజారున పెట్టాను.

తరవాత కారు పార్కులో ఆయన నన్ను చెడామడా దులిపేశాడు. ఇక నాకూ గాయకుడికీ కూడా బ్యాండులో నూకలు చెల్లినట్టే అనుకున్నాను. అంతవరకూ నేల చూపులు చూస్తున్న గాయకుడు తలెత్తి, రెండు నెలలుగా గొంతు బాగోలేదనీ, భయపడి చెప్పలేదనీ, ఇంతమందిలో తన గొంతు విన్నవాడు వీడొక్కడేననీ అన్నాడు. మరుసటి వారం రిహార్సలుకు వెళ్ళేసరికి, గిటారాయన రెండు గిటార్లనీ రెండు మెట్లు శ్రుతి దించి సిద్ధంగా పెట్టాడు. మా గాయకుడు మరో అయిదేళ్ళు పాడాడు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ రాలేదు, మా ఆవిడ వింటే ఏమనుకున్నా సరే.

రిటైరయ్యాక ఆయన క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయాడు. మొదట్లో ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం. తరవాత తీరికలేక మెసేజీల్లోకి దిగాం. పోయినేడు వాళ్ళమ్మాయి ఫోను చేసి, నాన్న పోయాడని చెప్పింది. ఏడాదిగా గొంతులో జబ్బట, చివరి నెలల్లో మాటే రాలేదట, ఎవరికీ చెప్పొద్దన్నాడట. మొదటి పలుకులోనే గొంతు పసిగడతానని విర్రవీగినవాణ్ణి, ఆ ఏడాదంతా ఆయన పంపిన బొటనవేలి బొమ్మలకు బదులుగా బొటనవేలి బొమ్మలే పంపుతూ కూర్చున్నాను.