ఐదుకు రెండు వేసిన పిల్ల

ఇప్పుడంటే ఏటా నాకు రేటింగ్ ఇవ్వడానికి మేనేజర్ ఉన్నాడు గానీ, జీవితంలో మొట్టమొదట నా పనికి మార్కులు వేసింది ఎనిమిదో తరగతి పిల్లలు. ఇంజనీరింగ్ పూర్తిచేసి, మాదాపూర్‌లో ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి చెప్పులరిగిన ఆ రోజుల్లో, కొండాపూర్ సందులో ఉన్న ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారుగా చేరాను. జీతం హాస్టల్ యజమానికి సరిపోయేది, నాకు సరిపోయేది కాదు. (వేసుకెళ్లేది మాత్రం ఇంటర్వ్యూ చొక్కానే. అందుకని పిల్లలు నన్ను చాలా గొప్పవాణ్ణి అనుకునేవారు.) ఆ జీతానికి ఎక్కువ చెబితే నాకే నష్టమని, బోర్డు మీద ఒక్క లెక్క చేసి, మిగతావి ఇంటిదగ్గర చేసుకోమనేవాణ్ణి.

మిగతా టీచర్లదీ ఇదే వరస. సంగతి మా కరస్పాండెంట్ సార్ (అంటే బడి యజమాని) చెవిన పడింది. మీటింగ్ అనగానే జీతాలు పెంచుతారేమోనని మేమంతా ఆశపడ్డాం. ఆయన అందరినీ కూర్చోబెట్టి, "మీకు జర మోటివేషన్ తక్కువైంది. సాఫ్ట్‌వేరోళ్లకు రేటింగ్ ఉంటది గద, గట్లనే ఇగ నెలనెల పిల్లలే మీకు ఐదుకు నంబర్లేస్తరు. మూడు నెలలు కలిపి ఎవరికి ఎక్కువొస్తే ఆళ్లకే జీతం పెరుగుతది" అన్నారు.

మర్నాటి నుంచి మా బడిలో రోజూ పండగే. సైన్సు సార్ జేబు నిండా చాక్లెట్లు. సోషల్ మేడమ్ కోప్పడటం మానేశారు. నేను హోంవర్కు ఎత్తేసి, ఇంటర్వ్యూల్లో నాకు జరిగిన పరాభవాలను నటించి చూపించడం మొదలుపెట్టాను. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. రెండు నెలలూ నేనే ఫస్టు. పెరగబోయే జీతంతో కొనాల్సిన బూట్లు కూడా చూసిపెట్టుకున్నాను.

రెండో నెల కాగితాల్లో ఒక్కదాని మీద మాత్రం ఐదుకు రెండే ఉంది. పేర్లు రాయకూడదని నియమం, కానీ అంకె రాసిన తీరు గుర్తుపట్టలేని లెక్కల మాస్టారు ఉంటాడా? పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు. అన్నం గంటలో పిలిచి, లోపల మండిపోతున్నా నవ్వు మొహం పెట్టి, "ఏమ్మా, నా క్లాసు నచ్చలేదా?" అన్నాను.

"మీరు మంచిగ నవ్విపిస్తరు సార్. అందుకే రెండేసిన" అంది తల వంచుకుని. "లెక్కలకైతే సున్న ఏస్తుండె. పెద్ద పరీక్షల లెక్కలు తప్పితే నా సగం ఫీజు మాఫీ పోతది. మాఫీ పోతే బడి బందే అన్నడు మా బాపు."

ముందు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. తర్వాత చచ్చేంత సిగ్గేసింది. ఆ రోజుతో నటన ఆపేశాను. రోజుకు పది లెక్కలు, తప్పితే ఇంకో పది. క్లాసంతా నన్ను పగవాణ్ణి చూసినట్టు చూసింది. మూడో నెల కాగితాల నిండా ఒకట్లే. పెరిగిన జీతం చాక్లెట్ల సార్‌కి వెళ్లింది. నేను మాత్రం సిగ్గు విడిచి, ఆ పిల్ల కాగితం కోసమే వెతికాను. మూడు వేసింది.

"మూడేనా?" అన్నాను ఉండబట్టలేక.

"లెక్కలకు ఐదు సార్. మస్తు తిడ్తున్నరని రెండు తీసేసిన."

పెద్ద పరీక్షల్లో ఆ పిల్ల గట్టెక్కింది, ఫీజు మాఫీ నిలిచింది. వేసవిలో నాకు ఉద్యోగం వచ్చి, బడి వదిలేశాను. జీతం ఆనాటితో పోల్చలేనంత పెరిగింది, రేటింగులూ మంచివే వస్తున్నాయి. అవి చూసుకున్నప్పుడల్లా ఆ ఇంటర్వ్యూ చొక్కా కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. వాడు ఆ మూడు కోసం పడ్డంత కష్టం, నేను ఆ తర్వాత ఏ ఐదు కోసమూ పడలేదు.