వీరభద్రుడు పుట్టని శుక్రవారం

ఓదెలుది ఒగ్గుకథలు చెప్పే ఇల్లు. గల్ఫ్‌లోని అల్ వుకైర్ కూలీల క్యాంపులో ప్రతి శుక్రవారం, రాడ్లు వంచి కాయలు కాచిన వేళ్ళతో ఇనుప మంచం మీద దరువేస్తూ దక్షయజ్ఞం చెప్పేవాడు. సతి కాలిపోయిందని శివుడు వినే ఘట్టం రాగానే మెడలోని తువ్వాలు లాగి, జడ పెరికి కొట్టినట్టు నేలకు విసిరేవాడు. రూమువాళ్ళు ముందే కాళ్ళు ముడుచుకునేవారు. "ఆ దుఃఖంలకెల్లి వీరభద్రుడు పుట్టిండు" అని ఉరిమేవాడు.

ఈ వారం సైటులో ఎండదెబ్బకు అతని తమ్ముడు కనుకయ్య చనిపోయాడు. అయినా శుక్రవారం ఓదెలు కథ ఎత్తుకున్నాడు. ఆ ఘట్టం వచ్చింది. అందరూ కాళ్ళు ముడుచుకున్నారు. అతను తువ్వాలు తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"శివుడు దక్షుని ముందట చేతులు కట్టుకొని నిలబడ్డడు. శవాన్ని ఎప్పుడు పంపుతరు సార్ అని అడిగిండు."

ముడుచుకున్న కాళ్ళు ఎవరూ చాపలేదు.