వాడు పెట్టె వంక చూసేవాడు కాదు

మా పెద్దబ్బాయి పోయాడన్న కబురు పక్కింటి కోడలికి ఫోనులో వచ్చింది. నేను వాకిట్లో కూర్చుని మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాను. ఆ పిల్ల సెల్లు చేత్తో పట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చుని, నా చేతిలో ఉన్న మిరపకాయలు తీసి కింద పెట్టింది. అప్పుడే నాకు అర్థమైపోయింది.

మావాడు గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దించి ఖాళీ బండితో తిరిగి వస్తున్నాడు. టైరు పంచరైతే రోడ్డు పక్కన ఆపుకుని జాకీ ఎక్కిస్తున్నాడు. వెనకనుంచి లారీ వచ్చింది. పట్టపగలు, అన్నం వేళ. బండి కింద జాకీ అట్లాగే ఉందని, వాణ్ణి తెచ్చినవాళ్ళు నాతో చెప్పారు. ఇంతకన్నా రాయడానికి నాకు చెయ్యి రాదు.

నేను చదివింది మూడో తరగతి. నాబోటిది రాయడానికి కూర్చుందంటే ఏడుపు పట్టలేక కాదు, కోపం పట్టలేక. వాడి జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు ప్రార్థన ముగించాక మా తమ్ముడు, అంటే వాడి మేనమామ, లేచి నిలబడ్డాడు. కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "బాబుల్లారా, బండి తోలేటప్పుడు కంప్యూటర్లూ అయ్యీ చూడమాకండయ్యా. నా మేనల్లుడు ఆ పెట్టె చూసుకుంటానే పోయాడు" అన్నాడు. అందరూ తలలూపారు. నా బిడ్డ బతుకంతా నలుగురికీ ఒక బుద్ధిమాట అయిపోయింది.

"తమ్ముడూ, అది అబద్ధం" అన్నాను అక్కడే.

"నువ్వు తల్లివక్కా, నువ్వట్టానే అంటావు" అన్నాడు.

తల్లినైతే అబద్ధం చెబుతానా? ఆ పెట్టె సంగతి నాకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు? అందుకే మొదటినుంచీ చెబుతాను, వినండి.

మాది పొదిలి దగ్గర మెట్ట పల్లె. మా దగ్గర పని తక్కువ. మిరప కోతలప్పుడు సాగర్ కాలవ కింద ఊళ్ళకి పోతేనే పొయ్యి వెలిగేది. మావాడు చిన్న ట్రాలీ బండి నడిపేవాడు. ఆడకూలీల ముఠాని ఎక్కించుకుని కాలవ కింద చేలకి తీసుకుపోయేవాడు. ఆ ముఠాలో నేనూ ఒకదాన్ని. అందరూ ఎక్కి సర్దుకుని కూర్చున్నారో లేదో దిగి వచ్చి చూసుకోకుండా వాడు ఏ రోజూ బండి కదిలించలేదు. ముసలామె ఉంటే చెయ్యి పట్టి ఎక్కించేవాడు.

ఆ నల్లరేగడి చేలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. రైతు ఫోనులో "తుమ్మచెట్టు దాటినాక రెండో డొంక" అంటాడు. పోయి చూస్తే తుమ్మచెట్లు నాలుగుంటాయి, లేదా ఉన్న ఒక్కదాన్నీ కొట్టేసి ఉంటారు. పోనీ ఒకసారి చూసిన చేను గుర్తుంటుందా అంటే, మిరపకి ఒక్క కోతతో అయిపోదు. కొన్ని వారాలకి మళ్ళీ అదే చేలోకి రావాలి. ఈలోపు పక్క చేలో పత్తికంప పీకేసి ఉంటారు, ఇంకో పక్క జొన్న ఎదిగి ఉంటుంది. ఇది అదేనా కాదా అని గట్ల మీద తిరుగుతూ ఉంటే పొద్దెక్కిపోతుంది. కోసినదానికే కూలి. దారి తప్పిన రోజు ముఠాకంతటికీ పస్తే.

ఇదంతా చూసి చూసి వాడొక మిషను తెచ్చాడు. చీరాల పక్క సముద్రం మీద వేటకి పోయే ఒకాయన వాడి వదిలేసిన జీపీయస్ అట. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల్ని పట్టుకుని మనం ఎక్కడున్నామో చెబుతుందట. ఉప్పునీళ్ళు దిగి దాని తెర పాడైపోయింది. నొక్కితే ఏమీ కనపడదు.

"చచ్చినదాన్ని తెచ్చావేంట్రా" అన్నాను.

"చావలేదమ్మా. కళ్ళు పోయాయిగానీ చెవులు బాగానే ఉన్నాయి. కళ్ళు మనం పెడదాం" అన్నాడు.

ఆ కళ్ళే ల్యాప్‌టాప్, మేము పెట్టె అనేది దీన్నే. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు మూసేస్తుంటే తెచ్చిన పాతది. ఛార్జింగ్ నిలవదు, బండి బ్యాటరీ నుంచి తీగ లాగి నడపాలి. ఇక ఈ రెండింటినీ కలిపే తీగ ఎక్కడా దొరకలేదు. నన్ను వెంటబెట్టుకుని బ్రాడీపేట లైనులన్నీ తిప్పాడు. ఒక షాపాయన ఆ మిషను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం బాబూ, మ్యూజియంలో పెడతావా? కొత్తది కొనుక్కోరాదూ" అని నవ్వాడు.

"కొత్తది కొనేవాణ్ణయితే ఈ ఎండలో మా అమ్మని ఇన్ని షాపులు ఎందుకు తిప్పుతానండీ" అన్నాడు మావాడు. నాకు ఆ షాపాయన మీదా కోపం వచ్చింది, వీడి మీదా వచ్చింది.

చివరికి పాత వైర్లు తెచ్చి తనే టంకం పెట్టుకున్నాడు. ఆ పొగకి నా కళ్ళు మండేవి. ఎంత అతికించినా రెండూ మాట్లాడుకునేవి కావు. "అది ఒక వేగంతో చెబుతోందమ్మా, ఇది ఇంకో వేగంతో వింటోంది. వేగం కలవాలి" అనేవాడు. "మీ నాన్న బతికున్నప్పుడు ఆయనా నేనూ మాట్లాడుకున్నట్టే ఉంది" అన్నాను. పడీపడీ నవ్వాడు. వేగం కలిసిన రోజున తెర మీద బాణం గుర్తు ఒకటి వచ్చి కూర్చుంది. ఇల్లు ఎగిరేలా కేక పెట్టాడు.

కష్టాలు తీరాయనుకున్నాను. తీరలేదు, మొదలయ్యాయి. కాలవ కింద ఊళ్ళ కాగితం పటం ఒకటి సంపాదించి, దాన్ని ఫోటో తీయించి కంప్యూటర్లో ఎక్కించాడు. మేము రోడ్డు మీద పోతుంటే బాణం ఏమో పటంలో కాలవలో పోయేది. "ఒరేయ్, మునిగిపోయాం రా" అని అరిచాను. పటం గీసినవాళ్ళ కొలత వేరు, మిషను కొలత వేరట. కాలవ వంతెన మీద బండి ఆపి, పటంలో బాణం కూడా వంతెన మీదికి వచ్చేదాకా జరుపుతూ కూర్చున్నాడు. ఉపగ్రహాలు దొరకడానికి కూడా కాసేపు కదలకుండా ఆగాలి. వెనక ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏం అల్లుడూ, పట్టపగలే చుక్కలు చూపిస్తన్నావే!" అని ముఠా పెద్దామె కేకలు.

"చుక్కలే అత్తా. నాలుగు దొరికితే చాలు, పోదాం" అనేవాడు వీడు.

ఇక అసలు సంగతి. పొద్దు కాస్త పైకి వచ్చిందంటే ఆ తెర మీద ఏమీ కనపడదు. బండి అద్దంలోంచి ఎండ పడి తెల్లగా మెరుస్తుంది. దాన్ని చూడాలంటే ఒక్కటే దారి. ఒళ్ళో పెట్టుకుని, నెత్తిమీదినుంచి దుప్పటి ముసుగేసుకుని, జలుబుకి ఆవిరి పట్టినట్టు కూర్చోవాలి. బండి తోలేవాడు అట్లా కూర్చోగలడా? అందుకని ఆ పని నాది. ముందు సీట్లో ముసుగేసుకుని నేను, పక్కన రోడ్డు చూస్తూ వాడు. లోపల ఉక్కపోత, పెట్టె కింద సెగ. ఒళ్ళు కాలేది. నేను బాణం చూసి చెప్పాలి, వాడు తిప్పాలి.

నేను సరిగ్గా చెప్పలేకపోయేదాన్ని. దక్షిణంగా పోతున్నప్పుడు బాణం కిందికి పోతుంది. తెర మీద నా కుడి చేతి వైపు చూసి "కుడి" అంటే, బండికి అది ఎడమ అయ్యేది. అట్లా చెప్పి ఒకసారి ఎవరిదో పత్తి చేలోకి తోలించాను. రైతు కర్ర పట్టుకుని వచ్చాడు. "మీ డ్రైవరుకి కళ్ళు లేవా?" అంటే, ముఠా పెద్దామె వెనకనుంచి, "కళ్ళున్నాయి బాబూ, అయ్యి వాళ్ళమ్మ ముసుగులో ఉన్నాయి" అంది. ఇంకోసారి తెలివి చేసి, బండి పోయే దిక్కుకి సరిపడేట్టు పెట్టెనే తలకిందులు తిప్పి పట్టుకున్నాను. తీగ ఊడి అంతా ఆరిపోయింది. నాకు దుఃఖం వచ్చింది. "నావల్ల కాదురా, ఎవరైనా చదువుకున్నవాణ్ణి పెట్టుకో" అన్నాను.

వాడు బండి ఆపాడు. విసుక్కోలేదు. "అమ్మా, ఇంట్లో నన్ను మంచం జరపమన్నప్పుడు ఏమంటావు? కుడికి జరుపు అంటావా?" అని అడిగాడు.

"తూర్పుకి జరుపు అంటాను."

"మరి బండిలో కుడీ ఎడమా ఎందుకు? పటంలో పైన ఎప్పుడూ ఉత్తరమే. నువ్వు దిక్కు చెప్పు, చాలు. ఎటు తిప్పాలో నేను చూసుకుంటాను."

అంతే. ఆ రోజునుంచి ముసుగులోంచి "పడమరకి తిప్పు", "ఇంక ఉత్తరంగా పోనీ" అనేదాన్ని. దిక్కులు మా పల్లెల్లో చంటిపిల్లలకి కూడా వస్తాయి. చేరుకున్న ప్రతి చేనికీ బండి ఆపాక వాడు పటంలో ఒక చుక్క పెట్టేవాడు. పేర్లు నేను చెప్పేదాన్ని. మజ్జిగ ఇచ్చినామె చేను, కుక్క తరిమిన చేను, కర్ర పట్టుకొచ్చినాయన చేను.

ఒక పొద్దు బాగా మంచు పట్టింది. ముందు పోతున్న ఎడ్లబండి కూడా కనపడటం లేదు. రోడ్ల మీద బళ్ళన్నీ ఆగిపోయాయి. ఎండ లేదు కాబట్టి తెర చక్కగా కనపడుతోంది, ముసుగు పని కూడా లేదు. రెండో కోతకి మజ్జిగ ఇచ్చినామె చేనికి పోవాలి. నేను దిక్కు చెబుతున్నాను, వాడు మనిషి నడిచినంత మెల్లగా, హారన్ కొట్టుకుంటూ పోతున్నాడు.

"ఇవాళ నీకూ కనపడుద్దిగదరా, ఒకసారి ఇటు చూసుకోరాదూ?" అన్నాను.

"ఇద్దరం అందులోకే చూస్తే రోడ్డు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

మెడ తిప్పలేదు. తిన్నగా చేని గట్టు దగ్గర ఆపాడు. ఆ రైతు భార్య మంచులోంచి వచ్చి నోరు తెరిచింది. "ఊళ్ళో కూలీలే ఇంకా ఇల్లు కదల్లేదు, మీరెట్టా వచ్చారే!" ఆ రోజు వెనక కూర్చున్న ఒక్కరూ వాణ్ణి తిట్టలేదు.

మర్నాడే మళ్ళీ తీగ వదులైంది. ఇంకోనాడు దుమ్ము దూరి పెట్టె బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు దాన్ని తీసుకెళ్ళి కాలవలో పారెయ్యాలనిపించిందో ఆ ప్రభువుకే తెలుసు. వాడు మాత్రం మెడలో తువ్వాలుతో దాన్ని తుడుస్తూ, "ఏంట్రా, అలిగావా?" అని పలకరించేవాడు. మనుషుల్ని కూడా అట్లాగే పలకరించేవాడు. మొండికేసినదాన్ని కొట్టి కాదు, అడిగి దారికి తెచ్చుకోవాలనేవాడు.

గుంటూరు యార్డుకి పోవడానికి మాత్రం ఆ పెట్టెతో పనేముంది? ఆ రోడ్డు మా ఊరి ఎడ్లకి కూడా తెలుసు. అందుకే ఆ రోజు పెట్టె ఇంట్లో ఉంది, మిషను ఇంట్లో ఉంది, నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఈ మాటా, ఆ జాకీ సంగతీ అందరికీ చెప్పాను. వింటూనే జాలిగా చూస్తారు. ఆ చూపు నాకు ఒళ్ళు మంట. చనిపోయినవాడు తప్పు చేసి చనిపోయాడంటే వినేవాళ్ళకి కాస్త ధైర్యంగా ఉంటుందేమో. మనం ఆ తప్పు చెయ్యం కదా, మనకేమీ కాదులే అనుకోవచ్చు.

కూడిక అయిన మూడోనాడు మా తమ్ముడు వచ్చాడు. మళ్ళీ అదే మాట. "ఇంట్లో ఉన్నది ఇదేనేమో, బండిలో ఇంకోటి ఉండుంటదక్కా."

నేను వాదించలేదు. పెట్టె తెచ్చాను. కిటికీలోంచి కరెంటు తీగ లాగి, వాకిట్లో ఎండలో కుర్చీ వేసి తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. నా బిడ్డ నొక్కిన వరసే నాకు గుర్తుంది, ఆ వరసలోనే నొక్కాను. మిషను ముగ్గు మీద పెట్టాను. పెట్టె మా తమ్ముడి ఒళ్ళో పెట్టి, "చూడు" అన్నాను. అన్నం వేళే.

చూశాడు. వంగాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం కనపడతందిరా?"

"ఏం లేదక్కా. నా మొహమే."

"వాడికీ వాడి మొహమే కనపడేది. దానికోసం బండి తోలేవాడు మెడ తిప్పుతాడా?"

మా తమ్ముడు పెట్టె మీదినుంచి తల ఎత్తాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆదివారం చర్చిలో లేచి నేనే చెబుతానక్కా" అన్నాడు. చెప్పినా, ఇంతమంది నోళ్ళలో పడ్డ మాట వెనక్కి వస్తుందా? అయినా చెప్పమన్నాను.

తర్వాత దుప్పటి తెచ్చి ఇద్దరి నెత్తిమీదా కప్పాను. లోపల చీకటిపడి తెర కనిపించింది. పటంలో మా ఊరు లేదు, తెల్లగా ఖాళీ. మధ్యలో బాణం. చూస్తుండగానే అది కదిలింది.

"ఎవరక్కా, ఎవరు తోలుతున్నారు?" అన్నాడు మా తమ్ముడు గొంతు తగ్గించి.

ఎవరూ లేరు. మిషను ముగ్గు మీద పెట్టినచోటే ఉంది. ఒక్కచోటే ఉంచినా ఉపగ్రహాల లెక్క కాస్త అటూ ఇటూ అయి ఆ బాణం కుదురుగా ఉండదని నా బిడ్డే చెప్పేవాడు. అంట్లు తోమే బండ దగ్గరికి పోయినట్టు పోతుంది, కోళ్ళగూడు వైపు తిరుగుతుంది, గడప దాకా వచ్చి ఆగుతుంది, మళ్ళీ బయలుదేరుతుంది. మెడ నొప్పి పుట్టేదాకా ఇద్దరం చూస్తూనే ఉన్నాం. వాకిలంతా తిరుగుతోందిగానీ, రోడ్డు మీదికి మాత్రం పోలేదు.