తుక్కు అని రాసిన ఇంజను

నడిచే ఇంజనును వచ్చే శుక్రవారం సుత్తెలతో పగలగొట్టబోతున్నారు. అది నడుస్తుందని పగలగొట్టమన్నవారికి తెలుసు. వారి కళ్ళ ముందే నడిచింది.

నడిపించినవాడు పౌలురాజు. రేపల్లె దగ్గరి మనిషి. సర్వీసంతా గాజియాబాద్‌లోని ఒక రైల్వే శిక్షణ పాఠశాలలో ఫిట్టరుగా గడిచింది. 1964లో అక్కడ అప్రెంటిసులు ఎనిమిదిమంది కలిసి మోకాలెత్తు నమూనా ఆవిరి ఇంజను చేశారు. బొగ్గు వేస్తే ఇద్దరు మనుషులను లాగేది. ఆ ఎనిమిదిమందిలో నేడు మిగిలింది పౌలురాజు ఒక్కడే.

రిటైరైన మరుసటి ఏడు, 2006లో, పాత సామాన్ల గదిలో విరిగిన కుర్చీ కింద అది కనబడింది. బాయిలరు పగిలింది, చక్రాలు బిగుసుకున్నాయి. ఇంటికి తీసుకెళ్ళి బాగుచేస్తానన్నాడు.

స్టోర్సు గుమాస్తా రాజగోపాల్‌ది తెనాలి. "మరమ్మతంటే మూడు సంతకాలు బాబాయ్. ఫైలు తిరిగొచ్చేసరికి నీకు ముసలితనం వచ్చేస్తుంది."

"ఇప్పటికే వచ్చిందిలేరా."

"అందుకే, తుక్కు అని రాయి. ఒక్క సంతకంతో గేటు దాటుతుంది. తిరిగి తెచ్చినప్పుడు నేను లేనా?"

ఆ పాఠశాలలో పంకాలూ మోటార్లూ మరమ్మతుకు వెళ్ళింది ఆ దారినే. తుక్కు అని రాసిన చీటీ మీద పౌలురాజు సంతకం పెట్టాడు. ఆ చీటీ నకలు నేటికీ భద్రంగా ఉంది.

పదకొండు నెలలు సాహిబాబాద్ ఇంటి బాల్కనీయే వర్కుషాపు. బాయిలరు పగుళ్ళను వెండి టంకంతో అతికాడు. పిస్టను రింగులను ఆకురాయితో అరగదీసి సరిచేశాడు. నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టినప్పుడల్లా ఏదో ఒక అతుకు కారేది. ఆస్పత్రి డ్యూటీ ముగించుకొచ్చిన భార్య వసంతకుమారి గచ్చు తుడుస్తూ, "మన కుక్కరు విజిలు వేసి నెలైంది. దానికీ కాస్త ఆ వైద్యమేదో చేయకూడదూ?" అనేది. ఏడోసారి చుక్క కారలేదు.

తిరిగి తెచ్చేనాటికి రాజగోపాల్‌కు బదిలీ అయింది. కొత్త అధికారి ఆవరణలోని పట్టాల మీద నడిపి చూపమన్నారు. నడిచింది. ఆయన కూడా ఎక్కి ఒక చుట్టు తిరిగారు. దిగి, "బహుత్ బఢియా అంకుల్‌జీ!" అని మెచ్చుకుని, రిజిస్టరు తెప్పించారు.

"మా రికార్డులో ఇంజను లేదే. తుక్కు ఉంది."

బాయిలరు వేడి చల్లారకముందే దాన్ని తుక్కు షెడ్డులోకి తోసి తాళం వేశారు. తరువాత, పగలగొట్టి తీసుకెళ్ళాలన్న షరతుతో వేలం వేశారు. పాడుకున్న తుక్కు వ్యాపారి లారీ శుక్రవారం వస్తుంది. పౌలురాజు ఆరు అర్జీలు పెట్టుకున్నాడు. ఆరింటికీ అందినట్టు ముద్రలున్నాయి. జవాబు మాత్రం ఒక్కటే: రద్దయిన వస్తువును తిరిగి చేర్చుకునే పద్ధతి లేదు.

మూడు రోజులుగా అతను గేటు దగ్గరే ఉన్నాడు. అక్కడినుంచి షెడ్డు జాలీలో పొగగొట్టం కనబడుతుంది. చేతిలో నూనెడబ్బా. నిన్న కాపలావాడిని బతిమాలాడు.

"సిలిండర్లలో నీళ్ళు నిలిచిపోయుంటాయి భయ్యా. తుప్పు పడుతుంది. ఐదే నిమిషాలు వదులు."

"శుక్రవారం పగిలేదానికి నూనె ఎందుకు అంకుల్?"

పౌలురాజు డబ్బా మూత బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. అక్కడే నిలబడ్డాడు.

పాఠశాల అధికారులారా, మీ రిజిస్టరులో ఆ ఒక్క మాట కొట్టివేసి పక్కన సంతకం పెట్టండి. లారీ రాకముందే ఇంజనును పట్టాల మీదికి చేర్చండి. అంతకన్నా ముందు, ఇవాళే, ఆ మనిషిని నూనెడబ్బాతో లోపలికి పోనివ్వండి.