ఆపేసిన ఇంజిన్‌లో వేడెక్కిన ఆయిల్

ముందే చెప్తున్నాను... ఇది నాకు జరిగింది. ఎవరి ఫ్రెండ్‌కో, ఫ్రెండ్ వాళ్ళ కజిన్‌కో కాదు. నాకే. నా కళ్ళతో చూశాను. నా వేలు కాల్చుకున్నాను. దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ లోకువ. తలుపు కిర్రుమంటే దానికి నూనె వేసుకోవడం మానేసి, దేవుళ్ళందరినీ పిలిచే రకాలు. అలాంటి నేను ఇలా కూర్చుని చెప్తున్నానంటే... ఇక మీ ఇష్టం.

నేనుండేది మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో. ఇంజిన్లు ఎంత వేడెక్కుతాయి, ఎంతసేపట్లో చల్లారతాయి అని పరీక్షించడమే నా ఉద్యోగం. మా చెల్లెలి భర్త చైతన్య ఉండేదీ అక్కడే. సాఫ్ట్‌వేర్. కార్ల గురించి అతనికి తెలిసిందంతా వీడియోల్లో చూసిందే. ఆ జ్ఞానంతో ఒక టర్బో స్పోర్ట్స్ కారు కొన్నాడు. కొని ఊరుకున్నాడా? రేసులకి వాడే పెద్ద ఆయిల్ కూలర్ బిగించాడు.

అది ఎందుకో తెలుసా? వేసవిలో ట్రాక్ మీద ఆపకుండా తొక్కేవాళ్ళకి. ఆయిల్ మరీ కాగితే పలచబడిపోయి ఇంజిన్‌ని కాపాడలేదు, అందుకని చల్లబరచాలి. చైతన్య ట్రాక్ మొహం చూసిన పాపాన పోలేదు. పైగా చలి ఉన్నప్పుడు కూలర్‌కి ఆయిల్ పోకుండా ఆపే థర్మోస్టాట్ పెట్టించలేదు. గడ్డకట్టే చలిలో కూడా ఆయిల్ అందులోంచే తిరుగుతుంది. ఎంత దూరం నడిపినా సరిగా వేడెక్కదు. వేడెక్కని ఆయిల్‌లో తేమ చేరి, జిగురులా మారి ఇంజిన్‌ని తినేస్తుంది.

“కనీసం ఆ కూలర్‌కి అడ్డంగా ఒక అట్టముక్క పెట్టు చైతన్యా” అని చెప్పాను.

“లుక్ పోతుంది వదినా. ముందు గ్రిల్‌లోంచి కనిపించాలి కదా.”

ఇదీ మనిషి.

మా చెల్లెలు మౌనిక మిషిగన్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో ఆసుపత్రిలో ఫార్మసిస్ట్. సెలవులకి దాన్ని తీసుకురావాలి. నా కారు రిపేర్‌లో ఉంది. గత్యంతరం లేక చైతన్య కారెక్కాను. డాష్‌బోర్డు మీద ఆయిల్ టెంపరేచర్ చూపించే గుండ్రటి మీటర్ ఒకటి విడిగా పెట్టించుకున్నాడు. ఎర్ర ముల్లు. ఇంజిన్ ఆపినా వెలుగుతూనే ఉంటుంది, అందం కోసం. వంద డిగ్రీల దగ్గర ఉండాల్సిన ముల్లు హైవే మీద అంతసేపు పోయినా అరవై దాటలేదు.

“చూశారా వదినా, ఎంత కూల్‌గా రన్ అవుతోందో!”

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

చీకటి పడింది. మంచు మొదలైంది. మా ముందున్న హైవే మూసేశారు. ఫోన్‌లో మ్యాప్ అడవిలోంచి ఒక సన్నటి దారి చూపించింది. వద్దన్నాను.

“ఆల్ వీల్ డ్రైవ్ వదినా, నాలుగు చక్రాలూ లాగుతాయి, ఏం కాదు” అన్నాడు. ఉన్నవి మంచు మీద పట్టు దొరకని వేసవి టైర్లు! ఎందుకంటే అవి వెడల్పుగా కనిపిస్తాయట. మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగి, వెనక సగం రోడ్డు పక్క మంచు దిబ్బలో కూరుకుపోయింది.

ఎమర్జెన్సీకి ఫోన్ కలిసింది. ‘రోడ్లు మూసి ఉన్నాయి, కార్‌లోనే ఉండండి, మంచు తీసే బండి వచ్చేసరికి తెల్లారొచ్చు’ అన్నారు. ఆ తర్వాత సిగ్నల్ పోయింది.

“ఇంజిన్ ఆపెయ్” అన్నాను.

“హీటర్ లేకపోతే చచ్చిపోతాం వదినా!”

“సైలెన్సర్ గొట్టం మంచులో పూడిపోయింది. పొగ లోపలికి వస్తే ఇంకా త్వరగా పోతాం. ఆపు.”

ఆపాడు. స్టైల్ కోసం వేసుకున్న పల్చటి జాకెట్‌లో వణుకుతున్నాడు. నా దగ్గరున్న ఒక్క దుప్పటీ ఇద్దరం చెరో కొస కప్పుకున్నాం.

టిక్... టిక్... టిక్...

అది మామూలే. ఇంజిన్ ఆపాక లోహం చల్లారుతూ చేసే చప్పుడు. నాకు రోజూ వినిపించేదే. కాసేపటికి ఆగింది. ఇక... ఏమీ లేదు. మంచు పడుతున్నప్పుడు ఉండే నిశ్శబ్దం మీకు తెలుసు కదా... చెవుల్లో దూది కుక్కినట్టు.

కాళ్ళు మొద్దుబారాయి. మీటర్‌లో ముల్లు పూర్తిగా అడుగుకి పడిపోయింది. అలా ఎంతసేపు గడిచిందో...

టిక్.

నేను తల ఎత్తాను.

టిక్... టిక్...

చల్లారిపోయిన ఇంజిన్ చెయ్యకూడని చప్పుడు అది.

“వదినా...” చైతన్య గొంతు పీలగా వచ్చింది. “మీటర్ చూడండి.”

ముల్లు లేస్తోంది. నెమ్మదిగా. ఇరవై... నలభై... అరవై.

నేను నవ్వాను. నిజంగా నవ్వాను. “చవక సెన్సర్ పెట్టిస్తే ఇలాగే ఉంటుంది” అన్నాను. బానెట్ లాక్ తీయించి, ఫోన్ టార్చ్ పట్టుకుని దిగాను. అతని ముందు నా మాట నెగ్గించుకోవాలి, అంతే.

కారు పైకప్పు మీద మంచు మందంగా పేరుకుంది. బానెట్ మీద... లేదు. నల్లగా తడిగా మెరుస్తోంది. ఆవిరి లేస్తోంది.

ఎత్తాను.

చప్పుడు ఆగిపోయింది. చల్లారి ఆగినట్టు కాదు... మనం గదిలోకి అడుగుపెట్టగానే లోపలివాళ్ళు మాటలు ఆపేస్తారు చూడండి... అలా.

టార్చ్ వేశాను. బెల్టు మీద మంచు పొడి చెక్కుచెదరలేదు. అంటే ఇంజిన్ తిరగలేదు. కూలెంట్ డబ్బా ముట్టుకున్నాను. రాయిలా చల్లగా ఉంది. బ్యాటరీ చల్లగా ఉంది. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, పట్టుకుని... లాగాను.

ఆ చలిలో ఆయిల్ తేనెలా సాగాలి. సాగలేదు. నీళ్ళలా జారి నా వేలి మీద పడింది.

అరిచాను. వేడి! పొయ్యి మీంచి అప్పుడే దింపినంత వేడి. ఇదిగో... ఈ మచ్చ. ఇంకా పోలేదు.

బానెట్ మూశాను. టిక్... టిక్... మళ్ళీ మొదలైంది.

లోపలికి వచ్చి కూర్చున్నాను. కాళ్ళ దగ్గర నేల గోరువెచ్చగా అవుతోంది. కాగిన ఆయిల్ వాసన సన్నగా లోపలికి వస్తోంది. కాసేపటికి ఆ మహానుభావుడు హాయిగా గురకపెట్టాడు. మనిషికి భయపడటానికి కూడా కొంచెం బుర్ర ఉండాలి.

నేను మాత్రం ముల్లునే చూస్తూ కూర్చున్నాను. వంద దగ్గర ఆగింది. అటూ ఇటూ వెంట్రుకంత కూడా కదల్లేదు. మా ల్యాబ్‌లో, అన్ని యంత్రాలు పెట్టుకుని, నేను అంత నిలకడగా పట్టి ఉంచలేను. నన్ను వణికించింది వేడి కాదు... అది. అక్కడున్నది ఏదైనా కానీ, దానికి పని తెలుసు. నాకంటే బాగా తెలుసు. మేమిద్దరం లోపల ఉన్నామన్న లెక్క కూడా దానికి లేదు.

తెల్లారింది. మంచు తీసే బండి వచ్చింది. దిగిన పెద్దాయన మా కారు చుట్టూ తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. “రాత్రంతా ఇంజిన్ నడిపారా?”

“లేదు” అన్నాను.

పారతో వెనక తవ్వాడు. సైలెన్సర్ గొట్టం నిండా గట్టి మంచుగడ్డ. దాన్ని చూశాడు. తడి బానెట్‌ని చూశాడు. “మంచిది. నడిపి ఉంటే ఈపాటికి...” అని ఆపేశాడు. తర్వాత మా వైపు చూడకుండా గొలుసు తగిలించి కారు బయటికి లాగాడు. గొట్టం శుభ్రం చేశాక చైతన్య స్టార్ట్ చేశాడు. మరుక్షణం ముల్లు అడుగుకి పడిపోయింది. ఎవరో చెయ్యి తీసేసినట్టు.

తన కారే మమ్మల్ని కాపాడిందని చైతన్య ఇప్పటికీ కనిపించినవాళ్ళందరికీ చెప్తాడు. మౌనిక “సెన్సర్ ప్రాబ్లెమ్ అక్కా” అంటుంది. నా వేలు చూపిస్తే టాపిక్ మార్చేస్తుంది. ఆఫీస్‌లో ఒకాయన, పాత వేడి మిగిలి ఉంటుందని నాకే పాఠం చెప్పాడు. అరవై దాటని ఆయిల్‌లో వంద డిగ్రీల పాత వేడి! అలాంటివాళ్ళకి నేను జవాబు చెప్పను.

కానీ ఒక్కటే మనసులో తిరుగుతోంది. ఆయిల్‌ని అంత శ్రద్ధగా వేడి చేసి, ఆ వేడి పట్టి ఉంచేది ఎప్పుడు? ఇంజిన్‌ని గట్టిగా పరిగెత్తించబోయే ముందు. ఆ రాత్రి అది సిద్ధమవుతోంది... ఎక్కడికో. ఆ మంచు తీసే బండి రావడం ఇంకొంచెం ఆలస్యమైతే బయల్దేరేదేమో...

మేము లోపల ఉండగానే.