పన్నెండుమంది మెచ్చిన పులిహోర

ఉద్యోగంలో చేరిన ఐదో నెలలోనే దాన్ని పోగొట్టుకోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ నా చేతులతో నేనే చేసుకున్నాను. ఎవరి సాయమూ తీసుకోలేదు. ఆ ఘనకార్యం చెబుతాను, వినండి. పొద్దుటినుంచి మూడు మీటింగుల్లో కూర్చుని వచ్చాను, ఓపిక లేదు, కాబట్టి గొప్పలు చెప్పుకోను.

మాది కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక ప్రకటనల కంపెనీ. మా లోకంలో ఏడాదికో మాట పుడుతుంది. ఒక ఏడు "లోగో సన్నబడాలి" అన్నారు. ఉన్న గీతలన్నీ చెరిపేశాం. ఇంకో ఏడు "ప్రతి బ్రాండుకీ ఒక ఆశయం ఉండాలి" అన్నారు. చీపురుకట్ట చేత కూడా దేశసేవ చేయించాం. ఇప్పుడేమో అన్నీ కంప్యూటరే రాసిపెడుతుందట. రాయనివ్వండి, నాకూ నడుం నొప్పిగానే ఉంది.

నేను చేరిన ఏడు పుట్టిన మాట "జనాభిప్రాయం". కస్టమరు మనసులో ఉన్నదే నిజం, తక్కినదంతా మాయ. వేదాంతం అనుకునేరు, మా బాస్ బాపి దా ఉవాచ. ఆయన ఒకరోజు నన్ను పిలిచాడు.

"రొమొన్, నువ్వు తెలుగువాడివి కదా?"

నా పేరు రమణ. బెంగాలీ నోట్లో పడి అలా గుండ్రమైపోయింది.

"అవును దాదా. లిలువాలో పుట్టాను. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు."

"భేష్. ఆవపచ్చడి అమ్మే మన ఘోష్ బాబు ఇక్కడి తెలుగువాళ్ళ కోసం పులిహోర పేస్టు తెస్తున్నాడు. బడ్జ్ బడ్జ్ నుంచి లిలువా దాకా తిరుగు. ముక్కూమొహం తెలియని గృహిణుల్ని పన్నెండుమందిని పట్టుకుని, తినిపించి, అభిప్రాయాలు రాసుకురా. ఇది నెగ్గితే నీ ఉద్యోగం పర్మనెంటు."

ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం ఎండలో తిరగడమెందుకు? ముక్కుపుడకలతో సహా తెలిసిన అత్తలూ పిన్నులూ మా క్వార్టర్స్ నిండా ఉన్నారు. వాళ్ళు తెలుగువాళ్ళు కారా? గృహిణులు కారా? ఆదివారం మధ్యాహ్నం అందరినీ మా ఇంటికే పిలిచేశాను. అమ్మ చాపలు పరిచి, ముందు జంతికలు, తరవాత టీ, ఆ తరవాత నా పరిశోధన వడ్డించింది.

ఆ పేస్టు నేను రుచి చూశానా అంటారా? చూడలేదు. పరిశోధకుడు నిష్పక్షపాతంగా ఉండాలని ఎక్కడో చదివాను. చూసుంటే తెలిసేది, ఘోష్ బాబు బెంగాలీ అలవాటు కొద్దీ అందులో పంచదార ధారాళంగా పోశాడని.

"ఎలాగుంది పిన్నీ?"

"బాగుంది నాయినా."

"అప్పలమ్మత్తా?"

"ఏటడుగుతావు? శానా బాగుంది."

సింహాచలం అత్త మా నాన్నకి వరసకి చెల్లెలు. పక్క వీధిలోనే ఉంటుంది, నోరు తెరిస్తే లోకోషెడ్డు దాకా వినబడుతుంది. ఆవిడ మాత్రం రెండు ముద్దలు మింగి కళ్ళు మూసుకుంది. చూస్తే కన్నీళ్ళు.

"ఏమైందత్తా?"

"ఏటీ నేదల్లుడూ. ఆనందం."

రాసేసుకున్నాను: "ఈ రుచి గుండెను తాకుతుంది." ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట మరీ ఎక్కువ గెలిచాను. పన్నెండుకి పన్నెండు!

రిపోర్టు చూసి ఘోష్ బాబు గంతులేశాడు. "ఆ ఏడ్చినావిడే మన ప్రకటన! నటీమణులొద్దు, అసలు మనుషులే కావాలి. ఆవిడ ఇంట్లోనే, ఆవిడ వంటగదిలోనే తీద్దాం!" అదీ అప్పటి ఫ్యాషనే. షూటింగుకి ముందురోజే పేస్టు సీసాలు అత్తకిచ్చి, అన్నంలో కలిపి ఉంచమని చెప్పి వచ్చాను.

మర్నాడు కెమెరా, బాపి దా, ఘోష్ బాబు, నేను, అందరం అత్త ఇంట్లో ఇరుక్కుని నిలబడ్డాం. అత్త పట్టుచీర కట్టుకుని ఘోష్ బాబుకి పళ్ళెం అందించింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కెమెరా వైపు తిరిగాడు.

"ఆహా! నేను కలగన్న రుచి ఇదే! పంచదార వేసినట్టే తెలియడం లేదు!"

"ఎలా తెలుస్తాది బాబూ, ఎయ్యనేదు గదా" అంది అత్త.

నలభయ్యేళ్ళుగా లిలువాలో ఉన్న మనిషి, బెంగాలీ గడగడా మాట్లాడుతుంది. అదే నా కొంప ముంచింది. ఆవిడ బెంగాలీని ఆవిడ తెలుగులోనే మీకు చెబుతున్నాను.

"మరి మా పేస్టు?"

"మేకకెట్టాను. అదీ తిన్నేదు."

బాపి దా నా వైపు చూశాడు. నేను మేక ఎక్కడుందా అని చూశాను.

"కానీ అమ్మా, ఆవేళ బాగుందన్నారు. ఆనందంతో ఏడ్చారని వీడు రాశాడు" అన్నాడు బాపి దా.

"అది ఆళ్ళిల్లు. ఒకరింట్లో కూకుని, ఆళ్ళు పెట్టింది బాగు నేదంటామా? ఇది నా ఇల్లు. గుమ్మంలోకొచ్చినోళ్ళకి పంచదార పులోర పెడితే నా పరువేటవుద్ది?"

"అత్తా, ఊరుకో" అన్నాను తెలుగులో, ఏడుపు గొంతుతో.

"నువ్వూరుకో అల్లుడూ. బాబూ, ఆడి తప్పేటీ నేదు. మేం బాగుందంటేనే ఆడి ఉజ్జోగం కాయమవుద్దని ఆళ్ళమ్మ ముందురోజు ఇంటింటికీ తిరిగి సెప్పింది. తల్లి గదా, మరేటి సేస్తాది? పన్నెండుమందిమీ ఆడి కోసమే మింగినాం. మారు కూడా ఏయించుకున్నాం."

నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గు ఒకవైపు, అమ్మ ఆ ఎండలో గుమ్మం గుమ్మం తిరిగిందన్న బాధ ఒకవైపు. పరిశోధన నేను చేశాననుకున్నాను, ముందే చేసిపెట్టింది మా అమ్మ.

ఘోష్ బాబు రెండో పళ్ళెం అడిగి తిన్నాడు. మర్నాడే సీసాలన్నీ వెనక్కి తెప్పించాడు. కొత్త పేస్టు అత్త చెప్పినట్టే చేయించాడు. తన కంపెనీలో ఏది తయారైనా రుచి చూసి తీర్పు చెప్పే పదవి సింహాచలం అత్తకిచ్చాడు, అదీ పర్మనెంటుగా. నాకు మాత్రం మరో ఆరు నెలలు పరీక్షాకాలం పొడిగించారు. ఆ ఆరు నెలలూ నా పని అత్తకి శాంపిళ్ళు మోయడం.

అప్పుడే చెయ్యెత్తి ప్రమాణం చేశాను: ఈ జన్మలో, వీలైతే వచ్చే జన్మలో కూడా, నా మీద ప్రేమున్న మనిషిని అభిప్రాయం అడగను గాక అడగను. అందుకే ఇది రాసి ఇంట్లో ఎవరికీ చూపించలేదు. మీకు నేనేమీ కాను కదా, ఎలా ఉందో నిజం చెప్పండి.