పాత పడుగు కొస

మా కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్ గద్వాలలో పోయాడని మంగళవారం వనపర్తికి ఫోన్ వచ్చింది. మూడేళ్లుగా అతనితో మాటల్లేవు నాకు. సంతాప సభలో అతన్ని ఆకాశానికెత్తిన పెద్దమనుషులంతా, బతికున్నప్పుడు ప్రింటర్‌లో కాగితాలు పెట్టడానికే అతన్ని పిలిచేవారు. నేనూ అంతే.

మూడేళ్ల కిందట, ధరూర్ మండలంలో వేరుశనగ దిగుబడి మీద నా పరిశోధనను హైదరాబాద్ పండితుడొకడు నిండు సభలో ఎగతాళి చేశాడు. నేను పంపిన డేటా, ప్రోగ్రామ్ తన కంప్యూటర్లో నడిపితే వేరే ఫలితం వచ్చిందట. అంకెలు కల్పించానన్నాడు. మా స్టాఫ్ రూములోనూ నవ్వారు.

నేత కుటుంబంలో పుట్టిన అసిస్టెంట్ మాత్రం నవ్వలేదు.

"నూలిచ్చి చీర నెయ్యమంటే ఎట్ల సార్? మగ్గం గూడ ఇయ్యాలె గద. మా ఇంట్ల చీర దిగినంక పాత పడుగు కొస, అంటే నిలువు పోగుల చివర, దువ్వెన లెక్కుండే అచ్చులనే ఉంచుతం. కొత్త పోగులు దానికే అతుకుతం. అది తీసేస్తే మళ్ల మొదటి సంది ఎక్కియ్యాలె."

"నీ మగ్గం సంగతి ఇప్పుడెందుకయ్యా?"

"గిది గూడ మగ్గమే సార్. మీరే పాతదంత తుడిపిచ్చిండ్రు."

నిజమే. పరిశోధన అయ్యాక కంప్యూటర్‌లో పాతవన్నీ తుడిపించి కొత్తవి ఎక్కించమన్నది నేనే. పాత సాఫ్ట్‌వేర్లు ఏ వెర్షన్లో, ఏ వరుసలో ఎక్కించాడో అతను నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. పది రోజులు కూర్చుని ఆ ఏర్పాటంతా ఒకే ఫైలుగా కట్టాడు. ఏ కంప్యూటర్లో తెరిచినా అది మా పాత కంప్యూటర్‌లాగే పనిచేస్తుంది. నడిపాం. నా ఫలితమే, చివరి అంకెతో సహా!

"పంపు. వాడి మొహాన కొడదాం."

అతను కదల్లేదు. "తేడా ఎందుకొచ్చిందో గూడ కనబడ్డది సార్. ఎండిన చేన్ల కాడ సున్న రాయకుండ గడి ఖాళీగ ఇడిసినం. పాత సాఫ్ట్‌వేర్ ఆ చేన్లను లెక్కలకెళ్లి తీసేసింది. ఆ హైదరాబాద్ సార్ కాడున్న కొత్తది సున్న కింద పట్టింది. పండిన చేన్లే లెక్కవెట్టినం. తప్పు మనదే."

నోర్ముయ్యమన్నాను.

"మగ్గం దాస్తే మన చీరనెవరు నమ్ముతరు సార్?" అని పెన్‌డ్రైవ్ నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను పంపలేదు. ఆ పండితుడి నవ్వును ఇప్పటికీ క్షమించను. కానీ వాడి అంకే నిజం.

నిన్న గద్వాల వెళ్లాను. అతని భార్య ఒక్కటే అడిగింది: "ఆ ఫైలు పంపిండ్రా సార్? ఆయన దవాఖానల గూడ అదే అడిగిండు."

లేదన్నాను. ఆమె ముందు గదిలోని మగ్గం వైపు చూసింది.

ఈ ఉదయం ఆ ఫైలును హైదరాబాద్ పండితుడికి పంపాను, తప్పు ఒప్పుకుంటూ రెండు ముక్కలు రాసి. ఆ సంగతి చెప్పడానికి అతను లేడు. వాళ్లింటి ముందు గదిలో, ఆగిన మగ్గం అచ్చులోంచి జానెడు పోగులు ఇంకా వేలాడుతూ ఉంటాయి.